చైనా బజారులో మా ఆయన

మా ఆయన మాట్లాడక నలభై రోజులు దాటింది. అలక అనుకునేరు, కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన అలిగినన్ని రోజులు నేనూ అలిగాను, ఆ లెక్క మాకిద్దరికీ సరిపోయింది. ఇది వేరే. పిలిస్తే తల తిప్పుతాడు. అన్నం పెడితే తింటాడు. నీళ్లు తోడితే లేచి స్నానానికి వెళ్తాడు. నోరు మాత్రం విప్పడు.

కర్నూలు పాతబస్తీలో మాది పాత్రల అంగడి. కింద అంగడి, పైన మిద్దెలో మేము. స్టీలు, ఇత్తడి, రాగి, సిల్వరు, ఏది కావాలన్నా పెంచలయ్య అంగడికి పొమ్మనేవాళ్లు. అక్టోబరులో తుంగభద్ర ఊరిమీద పడింది. తెల్లవారి మిద్దె మీంచి చూస్తే మా షట్టరు ఊడిపోయి, బిందెలు ఒకదాని వెనుక ఒకటి బయటికొచ్చి వీధి వెంట తేలుతూ పోతున్నాయి. ఈయన పిట్టగోడ పట్టుకుని "పట్టుకోండప్పా, పట్టుకోండి" అని మొదట్లో అరిచాడు. పట్టుకునేవాళ్లెవరు, ఎవరి ప్రాణం వాళ్లకు ఎక్కువైన రోజది. కాసేపటికి అరవడం మాని చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు తగ్గాక కిందికి దిగితే అంగడిలో నడుము లోతు బురద. ఆ బురదలో నిలబడ్డ మనిషి ఇక మాట్లాడలేదు.

మా అమ్మాయి శ్రీవాణి కడపలో టీచరు. వచ్చి మమ్మల్నిద్దరినీ తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు గొంతు చూసి, చెవులు చూసి, "గొంతుకేం కాలేదమ్మా, మనిషి బెదిరినాడు. తొందరపెట్టొద్దండి" అన్నాడు. డాక్టరు అలాగే చెబుతాడు, తన సొమ్మేం పోయింది. చుట్టాలొచ్చి పలకరించారు, ఊ అనలేదు. నేను బతిమాలాను. తర్వాత తిట్టాను. నా నోటికి మా వీధంతా జడుస్తుంది, ఈయన మాత్రం గోడను చూసినట్టు నన్ను చూశాడు. ఆ తర్వాత నేనూ విసిగి ఊరుకున్నాను. వండుతున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను. ఎవరో వేరే ఆడమనిషి నా చీర కట్టుకుని తిరుగుతున్నట్టుండేది.

కార్తీకం వెళ్లే రోజుల్లో కర్నూలుకు తిరిగొచ్చి, వరద రాని వీధిలో రెండు గదులు బాడుగకు తీసుకున్నాము. మేం కడపలో ఉండగా నానిన మిద్దె కూలి పైనున్న సామానూ పోయింది, ఈ గదుల్లో గోడలు తప్ప ఏమీ లేవు. గరిటె దగ్గర్నుంచి కొనాలి.

"కొత్తగా చైనా బజారు పెట్టినారంట మా," అంది శ్రీవాణి. "అన్నీ ఒక్కతావే దొరుకుతాయి. నాయనను గూడా పిల్చుకపోదాం."

నాకు ఒళ్లు మండింది. పాత్రల పెంచలయ్య పెళ్లాం చైనా బజారుకు పోయి గిన్నెలు కొనడమా అని నోటిదాకా వచ్చింది. అంతలోనే ఇంకోటి తోచింది. ఈయన పరాయి పెళ్లికి పోయినా పెట్టిన పళ్లెం వేలితో కొట్టి చూసి, "ఎవరిచ్చినారప్పా ఈ రేకు" అని అడిగే మనిషి. నాసిరకం సామాను చూసి ఊరుకోవడం ఆయన పుట్టుకలోనే లేదు. పెళ్లాం వల్ల కానిది, బిడ్డ వల్ల కానిది, చెడ్డ సామాను వల్ల అవుతుందేమో. సరే పదండి అన్నాను.

అది ఒకప్పుడు పెళ్లిళ్లు చేసే హాలు. ఇప్పుడు మూడంతస్తులా సామానే. మల్లెపూలు ప్లాస్టిక్కువి, కొట్టుకునే గడియారాలు, కళ్లు తిప్పే బొమ్మలు, టార్చిలైట్లు, చీపుర్లు, ప్రతి పెట్టె మీదా ఆ గీతల గీతల రాత. చైనావాడు మాత్రం ఒక్కడూ లేడు. అమ్మే పిల్లలంతా మా ఊరి పక్క కల్లూరు వాళ్లే, ఎర్ర బనీన్లు తొడుక్కుని గోళ్లు చూసుకుంటున్నారు. ఏదడిగినా "ధర దానిమీదే ఉంటాది చూడక్కా" అంటారు. వస్తువు సంగతి వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. బేరం అసలే లేదు.

నేను కావాలనే అన్నిటికంటే అధ్వానమైన గిన్నె ఒకటి ఎత్తి ఆయన ముందు పెట్టాను.

"చూడండి, ఊదితే ఎగిరిపోయేట్టుండాది. తీసుకుందామా?"

ఆయన గిన్నె వైపు చూశాడు. నన్ను చూశాడు. ముందుకు నడిచాడు.

ఇక నేనూ ప్రయత్నం మానుకున్నాను. బజారువాళ్లిచ్చిన తోపుడు బండిలో సామాను వేసుకుంటూ పోయాను. చెంచాలు, పళ్లేలు, చాట, బకెట్లు, దువ్వెన, దోసె పెనం. ముప్పై ఏళ్లుగా ఒక్కొక్కటే చేర్చుకున్న ఇల్లు గంటలో ఆ బండిలో పడింది. ఏ రంగు కావాలని శ్రీవాణి అడిగితే ఏదో ఒకటి అన్నాను. నచ్చలేదని కాదు, నచ్చిందనీ కాదు. చేతికి అందింది వేశాను.

వెనక్కి తిరిగితే ఆయన లేడు.

రెండు వరుసల అవతల కనిపించాడు. ఫ్లాస్కులు, నీళ్ల క్యాన్లు పెట్టిన చోట నిలబడి, భుజం మీది తువాలుతో ఒక్కోదాని దుమ్ము తుడిచి, మూతలన్నీ ఒకవైపుకు తిప్పి సర్దుతున్నాడు. తెల్లచొక్కా, నెరిసిన తల, చేతిలో గుడ్డ. చూసినవాళ్లెవరైనా అంగడి ఆయనే అనుకుంటారు. మూట నెత్తిన పెట్టుకున్న ఒక ముసలామె అలాగే అనుకుంది.

"ఏమప్పా, ఈ క్యాను గట్టిదేనా?" అని నేరుగా ఆయన్నే అడిగింది. "మాది కోసిగి. గుంటూరు సీమకు మిరపకాయలు తెంచేకి పోతాండాం. దుడ్లు పోసి కొన్నంక రెండు దినాలకే పగిలితే ఎట్లప్పా. నిజం చెప్పు."

నేను బండి వదిలేశాను. ఆమెను పక్కకు లాగుదామని రెండడుగులు వేసి ఆగాను. ఆయన క్యాను చేతిలోకి తీసుకున్నాడు. వేలి కణుపుతో అడుగున కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎండకు పెట్టొద్దమ్మా," అన్నాడు.

బొంగురుగా వచ్చింది. దగ్గి, గొంతు సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"ఎండకు పెడితే పెళుసుబారుతాది. తడిగుడ్డ జుట్టి నీడన పెట్టుకో, సల్లగా ఉంటాయి నీళ్లు. ఆ పచ్చది తీసుకోవద్దు, దాని అడుగు పల్చన. ఇది తీసుకో. మూత మరలు చూడు, ఎంత బాగుండాయో."

"ఇంగ రోంత తగ్గియ్యప్పా."

"మన చేతుల్లో లేదమ్మా. ఈడ అందరికీ ఒకటే ధర."

ఆమె క్యాను పట్టుకుని పోయింది. అంతలో శ్రీవాణి పరుగెత్తుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

"నాయనా, మాట్లాడితివా నాయనా. నేను, శ్రీవాణిని. ఇంగోసారి మాట్లాడు. అమ్మ చూడు, ఎట్లయిపోయిందో. ఇంటికి పోదాం రా."

ఇల్లు అనే మాట వినగానే ఆయన నోరు మూతపడింది. తువాలు భుజాన వేసుకున్నాడు. తల దించుకున్నాడు. పిల్ల ఎంత కుదిపినా పెదవి కదల్లేదు. మళ్లీ ఆ బురదలోకే దిగిపోయాడు.

"వదులే," అన్నాను. "నువ్వు ఆ బండి దగ్గర నిలబడు. నేను పిలిచేదాంక రావద్దు."

దాని కళ్ల నిండా నీళ్లు. అయినా పోయింది. ఆయన మెల్లగా మళ్లీ తువాలు తీసి ఫ్లాస్కులు తుడవడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఈ నోరే, ఊరందరినీ కడిగిపారేసే నోరే, ఒక్క మాట దొరక్క నిలబడింది.

ఆయనే తలెత్తాడు.

"రాండమ్మా," అన్నాడు. "ఏం గావల్ల?"

కట్టుకున్న పెళ్లాన్ని పట్టుకుని అమ్మా అంటాడా. నేనయ్యా, నీ రాజ్యలక్ష్మిని, అని నాలుక చివరికొచ్చింది. కూతురు తన పేరు చెప్పుకుంటే ఏమైందో ఇప్పుడే చూశాను. మింగేశాను.

"ఒక ఫ్లాస్కు చూపియ్యప్పా," అన్నాను.

"కాఫీ తాగేవాళ్లు ఎంతమందమ్మా ఇంట్లో?"

"ఇద్దరమే. నేనూ, మా ఆయనా."

"ఇద్దరికి పెద్దదెందుకు, ఊరికే బరువు. ఈ చిన్నది జాలు." మూత తీసి లోపల చూపించాడు, మళ్లీ బిగించి తలకిందులు చేసి చూపించాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. పొద్దున పోసే ముందు వేడినీళ్లతో కడగాలట, లోపల చెంచా పెట్టకూడదట. నాకు తెలియనిది ఒక్కటీ లేదు. ప్రతి మాటా విన్నాను.

"మీ ఆయన ఏం జేస్తాడమ్మా?" అని అడిగాడు, గిరాకీని మాటల్లో పెట్టేటప్పుడు అడిగినట్టే.

"అంగడి పెట్టుకుండాడు."

"ఏం అంగడి?"

"పాత్రల అంగడి."

ఆయన నవ్వాడు. "ఇంట్లోనే పాత్రల అంగడి పెట్టుకోని ఈడికొస్తిరా కొనేకి? ఆయనకు తెలిస్తే ఊరుకుంటాడా?"

"ఆయన లేడప్పా," అన్నాను. "ఊర్లో లేడు."

ఆయన నా ముఖం వైపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో చెప్పలేను. ఫ్లాస్కును తువాలుతో ఇంకోసారి తుడిచి, రెండు చేతులతో నా చేతుల్లో పెట్టాడు.

"వస్తాడులేమ్మా," అన్నాడు. "యాడికి పోతాడు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన మాట ఆగిపోతుందేమోనని భయమేసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, పై వరుసలో ఉన్న డబ్బాలు కూడా చూపించమన్నాను.