లేదుల మీద నిలువు గీత

గీత మాత్రం తిన్నగా వచ్చింది, స్కేలు పెట్టి కొట్టినట్టు, పదహారు ప్రశ్నలకి పదహారు 'లేదు' గడులు, పైనుంచి కిందకి ఒకటే నిలువు గీత, ఆరేళ్లుగా ఈ పళ్ల ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని చెయ్యి అలా అలవాటు పడిపోయింది, షుగరుందా, సిగరెట్ తాగుతారా, ఎముకలకి మందేమైనా వాడుతున్నారా అని ఒక్కొక్కటీ అడుగుతూ కూర్చుంటే బయట బెంచీ నిండిపోతుంది కదా, అందుకే గీత, కింద సంతకం, అయిపోయె, ఇప్పుడా కాగితం డాక్టరమ్మ చేతిలో ఉంది, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నది తన మేనత్త.

ఎముక పట్టలేదమ్మా, దవడలో బిగించిన ఇంప్లాంట్ పన్ను కదులుతోంది, చుట్టూ చీము, తీసెయ్యాలి, పుండు ఎన్నాళ్లకి మానుతుందో ఇప్పుడే చెప్పలేను అంటోంది డాక్టరమ్మ, ఎముకలకి ఆర్నెల్లకోసారి సూది వేయించుకుంటున్నానని ఇప్పుడా చెప్పడం, ఆ మందుంటే దవడ ఎముక సరిగా మానదు, ముందే తెలిస్తే అది రాసిన డాక్టర్ని అడిగేదాన్ని, ఆగేవాళ్లం, అసలు పెట్టేదాన్నే కాదేమో, మరి ఇందులో లేదని ఉందే, అయ్యో, ఆ రోజు అత్త చెప్పింది, కళ్లజోడు వెతుక్కుంటూ, అమ్మడూ, నాకేదో సూది వేస్తున్నారే, అది కూడా రాయాలా అంది, తనేమంది, అవన్నీ ఎవరు చదువుతారత్తా, సంతకం పెట్టెయ్ అంది, పైగా నవ్వింది, ఛీ, అమ్మ పోయాక జడలు వేసి బడికి పంపిన చెయ్యి అది, ఆ చేతిచేతే తను సంతకం పెట్టించింది, వెనక అరలో ఎన్ని ఫైళ్లున్నాయో, వాటిలో ఎన్ని గీతలో, ఎవరెవరు ఏ మాట చెప్పబోయి ఊరుకున్నారో.

చెప్పెయ్యాలి, చెప్తే ఉద్యోగం పోతుంది, ఈలోగా అత్త లేచి తొట్టిలో ఉమ్మి మూతి తుడుచుకుంది, నేనే చెప్పలేదమ్మా, పాడు మతిమరుపు, ఈ పిల్ల అడిగింది, నేనే లేదన్నాను అంది, తన వైపు చూడనైనా చూడకుండా, హమ్మయ్య అనిపించింది, నిజంగానే అనిపించింది, సిగ్గులేని బతుకు, ఒక్క క్షణం తను అడిగిందేమోనని కూడా అనిపించింది.

అత్తకి మతిమరుపా, పొద్దున బస్సులో పక్క సీటావిడకి తనని చూపించి, దీని మొదటి పాలపన్ను మంగళవారం ఊడిందండీ, ఒకటే వాన, పన్ను గుప్పిట్లో పట్టుకుని ఎవరికీ ఇవ్వనని ఏడ్చింది అని చెప్పుకొచ్చిన మనిషికి మతిమరుపా, అయితే సూది మాటా గుర్తుంది, తను నవ్వినదీ గుర్తుంది, అన్నీ గుర్తుండే, చీము పట్టిన నోటితోనే, తనకోసం అబద్ధమాడుతోంది, డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, రోగి చెప్పలేదు అని రాయబోతోంది, ఆగండి డాక్టరమ్మా, ఆవిడ చెప్పింది, నేనే రాయలేదు.