గయ్యాళికి ఆఖరి పరీక్ష

మేజర్ సవారీ బూట్లు కావాలన్నాడు. నడవని కాళ్లకు బూట్లెందుకని భార్య అడగలేదు. మంచం పక్కన కూర్చుని ఒక్కో కాలూ ఒళ్లో పెట్టుకుని పిక్కల దాకా తొడిగింది.

"నా సవతిని అడిగానని చెప్పండి," అంది.

సవతి అంటే గుర్రం. పెళ్లైన కొత్తలో సరదాకి అన్న మాట అలాగే ఉండిపోయింది. అశ్వదళంలో మాత్రం దాన్ని గయ్యాళి అంటారు.

ఆ ఆడగుర్రం మీద మేజర్ మూడుసార్లు దేశానికి ఛాంపియన్ అయ్యాడు. గుర్రం మీంచి ఎన్నిసార్లు పడ్డా ఎముక విరగని మనిషి, కిందటేడు జీపు బోల్తాపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నడుము కింద స్పర్శ లేదు.

అప్పటినుంచి గయ్యాళి ఎవర్నీ వీపు మీద నిలవనివ్వలేదు. దళంలో గుర్రమన్నాక ఎవరెక్కినా నడవాలి. నడవకపోతే పరీక్ష పెడతారు. అందులో తప్పితే కాల్చేస్తారు. నాకిచ్చేయండి, మేపుకుంటానని మేజర్ అడిగాడు. సైన్యం సొత్తు బయటికి పోదన్నారు.

పరీక్ష ఇవాళే.

బావమరిది చక్రాల కుర్చీని తోసుకొచ్చి మైదానం కమ్మీల దగ్గర ఆపాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పదో అంతస్తులో తాళ్ల మధ్య వేలాడతాడు గాని గుర్రమంటే హడలు.

"కరుస్తుందా బావా?"

"నిన్నా? దానికి రుచీ పచీ తెలుసులేరా."

కమాండెంట్ వచ్చాడు. మేజర్‌తో కలిసి శిక్షణ పొందినవాడు. కుర్చీ పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, నిజం చెప్పు. దీనికి ఏం నేర్పి చచ్చావు?"

"నా మొదటి గుర్రం గుర్తుందా?"

కమాండెంట్‌కి గుర్తుంది. దాని మీద మేజర్ కప్పు గెలిచిన వారానికే దాన్ని జనరల్ అల్లుడికిచ్చారు. ఆ అల్లుడు చలికాలం దాటకుండానే దాని కాలు విరిచాడు.

"అందుకే దీన్ని ఇంకొకడికి పనికిరాకుండా చేశా," అన్నాడు మేజర్. "ఏ గుర్రమైనా మడమ తగిలితే ముందుకు పోతుంది. ఇది మడమ తగిలితే వెనక్కాళ్ల మీద లేస్తుంది. తొడతో చెబితేనే కదుల్తుంది."

"ఆ మాటేదో రైడింగ్ మాస్టరుతో ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"చెప్పా. ఆయనకి కుదరట్లేదు."

రైడింగ్ మాస్టర్ జీను ఎక్కాడు. మడమలు దూరంగా పెట్టాడు. గయ్యాళి గిరికీలు కొట్టింది.

"ఏ తొడ సార్? ముందు ఏ తొడ?"

మేజర్ అరచేతులు తన తొడల మీద పెట్టి నొక్కాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ సైగ అతను ఏనాడూ మాటల్లో అనుకోలేదు. అది కాళ్లకు తెలిసిన పని. కాళ్లనడిగితే జవాబు రాలేదు.

"కుడి," అన్నాడు. "కుడి నొక్కి, ఎడమ వదులు. కాదు, ఆగు..."

గయ్యాళి లేచింది. మాస్టర్ ఇసకలో పడ్డాడు. లేచి మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. ఈసారి భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు.

"బావనే ఎక్కిస్తే?" అన్నాడు బావమరిది.

కమాండెంట్ అతన్నీ మేజర్‌నీ మార్చి మార్చి చూశాడు. "వీపు మీద మనిషితో మైదానం ఒక చుట్టు తిరగాలని రూలు. చేత్తో పట్టి నడిపించకూడదు. ఎవరెక్కాలో రూల్లో లేదు. తిరిగితే పాసనేస్తా. తర్వాతి సంగతి తర్వాత."

కమాండెంట్, బావమరిది కలిసి ఎత్తారు. మడమ తగలకుండా బావమరిది బూటు పట్టుకుని అవతలికి దాటించాడు. పట్టీతో మేజర్ నడుమును జీనుకు కట్టి అందరూ దూరం జరిగారు.

గయ్యాళి గిరికీ కొట్టలేదు. మెడ దించింది. చెవులు రెండూ వెనక్కి తిప్పింది. పైనున్నవాడు ఏం చెబుతాడోనని వినే గుర్రం అలా తిప్పుతుంది.

మేజర్ కళ్లెం వదులు చేశాడు. బిగించాడు. మళ్లీ వదిలాడు. గయ్యాళి నిలబడింది.

"పద," అన్నాడు.

పోటీలో నోరు విప్పితే మార్కులు పోతాయని దానికి మాటలు నేర్పలేదు.

"పదవే తల్లీ. ఒక్క చుట్టు."

తొడల మీద పిడికిళ్లతో కొట్టుకున్నాడు. చెవులు కదిలాయి. కాళ్లు కదల్లేదు.

"పడెయ్యలేదు కద సార్," అన్నాడు బావమరిది. "చూడండి, ఎంత బుద్ధిగా నిలబడిందో."

"నడవాలయ్యా," అన్నాడు కమాండెంట్.

గుర్రాల షెడ్డు నీడ కమ్మీల దాకా వచ్చేవరకు ఆగాడు. తర్వాత దగ్గరికెళ్లి పట్టీ విప్పాడు. "ఇక దిగరా," అన్నాడు.

మేజర్ దాని మెడ పట్టుకుని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ బావమరిదే విడదీశాడు.

కుర్చీలో కూర్చోబెట్టాక గుర్రాల డాక్టర్ వచ్చి కళ్లెం అందుకున్నాడు. షెడ్డు వెనక్కి తీసుకెళ్లాలని లాగాడు. గయ్యాళి అడుగు వెయ్యలేదు. కుర్చీ వైపే తల తిప్పి ఉంది. డాక్టర్ ఇంకా గట్టిగా లాగాడు.

"లాగకండి," అన్నాడు మేజర్. "నేను చెప్పందే రాదు. ఇక్కడే కానివ్వండి."

బావమరిది కుర్చీని గేటు వైపు తిప్పబోయాడు.

"తిప్పకు."

డాక్టర్ తుపాకీ ఎత్తేటప్పటికి కూడా గయ్యాళి చెవులు కుర్చీ వైపే ఉన్నాయి.