నా చెయ్యి అందని చోట

చర్చి నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా బంగాళదుంపలు తురమడానికి కూర్చున్నాను. తురుమంతా గుడ్డలో వేసి నీళ్లు పిండి, మధ్యలో పంది మాంసం పెట్టి, ఉండలు చుట్టి ఉడకబెట్టాలి. ఆ రోజు నా కొడుకు ఎమిల్ పుట్టినరోజు. నా మొగుడు రెయాల్ అక్కచెల్లెళ్లంతా భోజనానికి వస్తున్నారు. మా అత్తగారు డోరిల్లా బల్ల దగ్గర టీ తాగుతూ నా తురుము సన్నగా లేదని రెండుసార్లు చెప్పింది. మూడోసారి ఇంకో మాట చెప్పింది.

"ఎమిల్‌కి ఒక తమ్ముణ్ణి ఇవ్వవే ఒడెట్. ఇద్దరు అక్కల మధ్య ఒక్క మగపిల్లాడు చెడిపోతాడు."

"డాక్టరు వద్దన్నాడు కదా అత్తయ్యా."

"ఎమిల్ అప్పుడూ వద్దన్నాడు. మా రెయాల్ వింటేగా! నీ వీపుకి ఆ పట్టీ అంటించినట్టే అంటించి, నీకు నిద్రపట్టగానే పీకేసేవాడట. వాడు చెబుతుంటే నవ్వలేక చచ్చాను. గడుగ్గాయి!" నా మొహం చూసి నవ్వాపింది. "అదేంటే, నీకు తెలీదా? పెళ్లాం కదా, తెలిసే ఉంటుందనుకున్నా."

నా చేతిలో దుంప అలాగే ఉండిపోయింది.

రెండో కూతురు సోలాంజ్ పుట్టినప్పుడు నాకు రక్తం ఆగలేదు. ఇంకొకరు పుడితే నువ్వు మిగలవు అని రెయాల్ ఎదుటే డాక్టరు చెప్పాడు. పీతల ఫ్యాక్టరీలో నా షిఫ్టు రోజుకోలా మారేది, కడుపు రాకుండా వేసుకునే మాత్రలు మరిచిపోయేదాన్ని. అందుకని నర్సు అదే మందుతో ఒంటికి అంటించుకునే ఈ పట్టీ ఇచ్చింది. వారానికొకటి మార్చుకోవడం, నాలుగో వారం మానేయడం. అంతే. పొట్ట మీద అంటించుకుంటే రబ్బరు ఏప్రన్ ఒరుసుకుని ఊడేది. వీపు మీద పెట్టుకోమంది. రెక్క ఎముక దగ్గర నా చెయ్యి అందదు. అందుకే ఆదివారాలు రెయాల్ అంటించేవాడు. అరచెయ్యి వెచ్చగా కాసేపు నొక్కి పట్టుకునేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏ పనీ చెప్పకుండా చెయ్యని మనిషి ఇదొక్కటీ తనంతట తానే గుర్తుపెట్టుకుని చేస్తుంటే, ఇది ప్రేమే అనుకున్నాను. మధ్యమధ్యలో "ఉందా?" అని అడిగేదాన్ని. "ఉందిలే, పడుకో" అనేవాడు. ఎమిల్ కడుపులో పడ్డాడని తెలిసినప్పుడు, పీతలు ఉడికే ఆవిరికి పట్టీ ఊడిపోయి ఉంటుందనుకున్నాను. చూసుకోలేకపోయానని అతన్ని క్షమించమని అడిగాను. నేనే అడిగాను! అతను నా తల నిమిరి, "పోనీలే, దేవుడిచ్చాడు" అన్నాడు. కాన్పు గదిలోంచి నన్ను ఆపరేషనుకి పరుగున తీసుకెళుతుంటే గోడకి ఆనుకుని ఏడ్చాడు. స్పృహ తప్పే ముందు నేను చూసింది ఆ ఏడుపే. నన్ను బతికించింది అదే అనుకుంటూ ఇన్నాళ్లూ దాన్ని దాచుకున్నాను.

చెయ్యి కడుక్కుని స్నానాలగదిలోకి వెళ్లాను. జాకెట్టు విప్పి, చిన్న అద్దం ఒకటి చేత్తో పట్టుకుని, పెద్ద అద్దానికి వీపు తిప్పాను. ఎమిల్ పుట్టాక కూడా అదే పట్టీ వాడుతున్నాను; ఆ పొద్దున కూడా చర్చికి వెళ్లే ముందే రెయాల్ కొత్తది అంటించాడు. అంటించాడనే అనుకున్నాను. అక్కడ పాత జిగురు గీత ఒకటి చదరంగా, నల్లగా ఉంది. లోపలంతా ఖాళీ చర్మం.

రెయాల్ షెడ్డులో వలలు సర్దుతున్నాడు.

"నా వీపు మీద ఏమీ లేదు" అన్నాను.

"ఊడిపోయుంటుంది."

"మీ అమ్మ చెప్పింది."

వల కింద పెట్టాడు. "అమ్మకి నోరాగదు. అది కాదే ఒడెట్, వాణ్ణి చూడు. వాడు లేకుండా ఉండగలవా? చెప్పు."

"నేను చచ్చిపోయుంటే?"

"చావలేదు కదా!" అన్నాడు, నేనేదో అన్యాయంగా మాట్లాడుతున్నట్టు. "ఇంటినిండా జనం వస్తున్నారు. ఇప్పుడు గొడవ పెట్టకు."

గొడవ పెట్టలేదు. ఉండలు చుట్టాను, ఉడకబెట్టాను, అందరికీ వడ్డించాను. ఉప్పు తక్కువైందన్నారు. ఎమిల్ కేకు మీద కొవ్వొత్తులు ఊది, క్రీము చేతులతో నా మెడ పట్టుకు వేలాడాడు. వాణ్ణి వదిలెయ్యాలనిపించిందో ఇంకా గట్టిగా హత్తుకోవాలనిపించిందో ఇప్పటికీ నాకు తెలియదు. హత్తుకున్నాను.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లకుండా క్లినిక్‌కి వెళ్లాను. నర్సు పరీక్ష చేసి, కడుపు లేదంది. లోపల అమర్చేది ఏదైనా కావాలని అడిగాను. నా చెయ్యీ ఇంకెవరి చెయ్యీ అందనిది.

"పట్టీతో ఇబ్బందేమైనా వచ్చిందా?" అంది కాగితం మీద రాస్తూ.

"పట్టీతో కాదు. నా మొగుడితో."

ఆమె పెన్ను పక్కన పెట్టి, లేచి తలుపు మూసింది. మొదటి నుంచీ అంతా చెప్పాను. ఆ మాటలు పైకి అంటుంటే అవి మరొకరి కథలా, చాలా చవకబారుగా వినిపించాయి. నర్సు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం పిల్లలు ముగ్గుర్నీ కారెక్కించుకుని, తీరం వెంబడి ఉత్తరాన ఉన్న మా అక్క ఇంటికి బయల్దేరాను. ఊరు దాటాక ఎమిల్ అడిగాడు.

"నాన్న మీద కోపమొచ్చిందా అమ్మా?"

"వచ్చింది."

"ఎందుకూ? ఏం చేశాడు?"

అద్దంలో వాడి మొహం చూశాను. రెయాల్ చుబుకమే, రెయాల్ కళ్లే. "పెద్దవాళ్ల సంగతి నాన్నా, నువ్వు పడుకో" అన్నాను. వీడికి ఆ సంగతి జన్మలో తెలియనివ్వను. వాళ్ల నాన్న దాన్ని మరిచిపోయి బతకడం మాత్రం ఇక జరగనివ్వను.