ఏడంతస్తుల కేకు

కరకోల్ బజారులో ఉల్లిపాయలు బేరమాడుతూ నేనన్న ఒక్క మాట ఇంత పని చేస్తుందని ఎవరనుకున్నారు! "మా మనవరాలు సెజీమ్ పుట్టినరోజు విందుకు అందరూ పెద్ద సంచులు తెచ్చుకోండి. మా ఇంటి కెషిక్‌లో కేకు కూడా ఉంటుంది" అన్నాను. పక్కనే మా తోడికోడలు కనిషాయ్ వింటోందని తెలిసే అన్నాను, గట్టిగానే అన్నాను. క్యారెట్లు అమ్మే ఆవిడ కూడా తలెత్తి చూసింది.

విందుకెళ్ళినవాళ్ళు మా దగ్గర వట్టి చేతులతో ఇల్లు చేరరు. మాంసం ముక్కలు, బోర్సోకులనే వేయించిన పిండిముక్కలు, నాలుగు మిఠాయిలు మూటగట్టి ఇస్తారు. అదే కెషిక్. ఇంట్లో ముసలివాళ్ళూ పిల్లలూ ఆ మూట కోసమే మెలకువగా కూర్చుంటారు. విందు ఎలాంటిదో, పెట్టినవాళ్ళ చెయ్యి ఎలాంటిదో ఆ మూట విప్పితే తెలిసిపోతుంది.

అసలు ఈ మంట అంటించింది కనిషాయే. పోయిన ఆపిల్ కోతలప్పుడు ఆవిడ మనవడికి ఏడాది నిండింది. అయిదంతస్తుల కేకు పెట్టించింది. నీలం రంగు, చుట్టూ చక్కెర గుర్రాలు. చక్రాల బల్ల మీద దాన్ని తోసుకొస్తుంటే హాల్లో దీపాలార్పి బాకాలూదారు. నేను కొత్తపెళ్ళికూతురిగా వచ్చినప్పుడు నాకు కూడా అంత హడావుడి జరగలేదు. తీరా పై అంతస్తు ఒక్కటి కోసి, మిగతాదాన్ని వంటింట్లోకి తోసేశారు. ఇంటికొచ్చి మూట విప్పితే అన్నీ ఉన్నాయి, కేకు పొడి కూడా లేదు. మర్నాడు అడిగితే, "బాలబడి పిల్లలకు పంపించానే, పుణ్యం కదా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ పుణ్యం మీద ఎవరు పోట్లాడతారు?

ఆ తర్వాత మా వీధికి కేకుల జబ్బు పట్టుకుంది. ఒకరు కోట పెట్టించారు, ఇంకొకరు రైలు పెట్టించారు. పిల్ల నడుస్తోందా, పళ్ళొచ్చాయా అని అడిగేవాళ్ళు పోయి, కేకు ఎన్నంతస్తులని అడిగేవాళ్ళు మిగిలారు.

మా కోడలు మీరీమ్ నోట్లో నాలుక లేని పిల్ల. ఫోన్ల దుకాణంలో పని. పొద్దున పోతే చీకటిపడే వేళకు వస్తుంది. దుకాణంలో తోటి అమ్మాయిలు రోజుకొక విందు వీడియో చూపించి, "మీదెన్నంతస్తులే?" అని ప్రాణం తోడేశారట. ఆ నోరు లేని పిల్ల కాస్తా ఒకరోజు, "ఏడు" అనేసింది. అలా కోడలు దుకాణంలోనూ, అత్త బజారులోనూ నోరు జారి కూర్చున్నాం.

కేకు సంగతి అలా ఉంచండి. మీరీమ్ నన్ను నిజంగా కోరింది ఒక్కటే. "అత్తయ్యా, సెజీమ్ మొదటి అడుగు నేను చూడాలి. నేను ఇంట్లో లేనప్పుడు దాన్ని నడవనివ్వకండి" అంది. రోజంతా పిల్లకు దూరంగా ఉండే తల్లి, ఆ మాత్రం అడగదా? అందుకే సెజీమ్ సోఫా వదిలేసి కాలెత్తబోయినప్పుడల్లా గబుక్కున చంకనేసుకునేదాన్ని. "ఆగవే నా తల్లీ, మీ అమ్మ రానీ" అని బతిమాలేదాన్ని. విందు రోజున పిల్ల కాళ్ళకు నలుపూ తెలుపూ ఉన్నితాడు కడతాం. పరుగు పందెంలో ముందొచ్చినవాళ్ళు ఆ తాడు కోస్తారు, పిల్ల అందరి ముందూ నడుస్తుంది. ఆ రోజు కోసం ఆ అడుగుని జాడీలో ఆప్రికాట్ మురబ్బా దాచినట్టు దాచాను.

విందు రోజు రానే వచ్చింది. విందు హాలు ముందున్న పోప్లర్ చెట్లకు బుడగలు కట్టారు. మా అబ్బాయి గొర్రెమాంసం కొట్టించే పనిలో ఉన్నాడు. కేకు వచ్చింది. అబ్బ, ఏం కేకండీ! గులాబీ రంగు, ఏడంతస్తులు, కొసన రెండు చక్కెర హంసలు. నా గుండె పొంగిపోయింది. కనిషాయ్ మొహం తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. మూటలకి ఎన్ని ముక్కలొస్తాయో అంచనా వేద్దామని కత్తి పట్టుకుని దగ్గరికి వెళ్ళాను. మీరీమ్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, వద్దు."

"ఏం? కోయనులే, కొలుస్తున్నా."

"పైది ఒక్కటే కేకు. కింద ఆరూ కాదు."

"కేకు కాకపోతే ఇటుకలా?"

"థర్మకోల్" అంది, నేల చూస్తూ.

వేలితో తట్టి చూశాను. టక్ టక్‌మంది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అన్నాను.

"అందరూ ఇలాగే చేయిస్తారు అత్తయ్యా. కేకులు చేసే వేరా అనే ఆవిడ దగ్గర ఇవి అద్దెకు దొరుకుతాయి. పైన క్రీము పూసి ఇస్తుంది. ఏడూ నిజమైనవి పెట్టించాలంటే ఆవుని అమ్ముకోవాలి."

"మరి నేను ఊరందర్నీ సంచులు తెచ్చుకోమన్నానే!"

"అనేముందు నన్నొక మాట అడగొచ్చు కదా."

"చేయించేముందు నువ్వు నాకొక మాట చెప్పొచ్చు కదా!"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. పైన పటారం లోన లొటారం అంటారే, అది మా ఇంట్లోనే చక్రాల బల్లెక్కి కూర్చుంది. ఇంతలో గుమ్మంలోంచి కనిషాయ్ గొంతు వినపడింది. గళ్ళ సంచులు రెండు చంకలో పెట్టుకుని లోపలికొస్తోంది.

"ఏమే బాత్మా, ఈ సంచులు చాలుతాయా, ఇంటికెళ్ళి ఇంకోటి తేనా?"

"రా అక్కా, రా. ముందు టీ తాగు" అన్నాను. నా నవ్వు నాకే ఏడుపులా అనిపించింది.

మీరీమ్‌ని పక్కకు లాగి చెవిలో చెప్పాను. "నువ్వు ఈ బల్ల దగ్గర్నుంచి అంగుళం కదలకు. ఎవరు ముట్టుకోబోయినా అడ్డం పడు. నేను వంటింట్లో ఇంకో బస్తా పిండి కలిపించి బోర్సోకులు వేయిస్తా. మూటలు కట్టే వేళకు పైది కోసి పంచి, మిగతాది బాలబడి పిల్లలకని చెప్పి తోసేద్దాం."

"అది పెద్దత్తయ్య చెప్పిన మాటే కదా" అంది మీరీమ్.

అప్పుడు కూడా నా మొద్దు బుర్ర వెలగలేదు చూడండి! కంగారులో ఉన్నాను. వంటింటికీ హాలుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. పిల్లలు క్రీము నాకడానికి వస్తే మీరీమ్ తరుముతోంది. ఆడవాళ్ళు బల్లకు ఆనుకుని ఫొటోలు దిగుతామంటే, "పిన్నీ, కాస్త దూరంగా, కాస్త దూరంగా" అని చేతులు చాపి నిలబడుతోంది. పాపం, టీ చుక్క కూడా తాగలేదు.

మైకు పట్టుకున్నతను పందెం అని కేక పెట్టాడు. ఇక చూడాలి సందడి! వీధిలోని పిల్లలంతా గేటు దగ్గర వరస కట్టారు. హాల్లో తెల్లగుడ్డ పరిచాం. దాని మీద సెజీమ్‌ని నిలబెట్టి కాళ్ళకు తాడు చుట్టాను. ఆ తాడు నేనే పేనాను. ఈల వినపడగానే పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటూ దూసుకొచ్చారు. "ఒరేయ్, పరిగెత్తరా!" అని తండ్రులు, "బూటు ఊడిందే, వదిలెయ్యవే!" అని తల్లులు. రెండు జడల పిల్ల ఒకతి అందరికన్నా ముందొచ్చి పడి, కత్తి అందుకుని తాడు తెంపింది. నేను సెజీమ్ చంకల కింద నుంచి చేతులు తీసేశాను.

సరిగ్గా అప్పుడే మా మరిది తోక్తోసున్ ఫోన్ ఎత్తి పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. మనిషి మాంచి భారీ మనిషి. అందరూ ఫోన్లో పట్టాలని వెనక్కి, ఇంకా వెనక్కి, తిన్నగా కేకు మీదికే వెళ్తున్నాడు. మీరీమ్ అటు తిరిగింది. "చిన్న మావయ్యా! ఆగండి, చిన్న మావయ్యా!" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

ఇటు సెజీమ్ కాలెత్తింది. వేసింది. ఇంకోటి వేసింది. మూడోది కూడా వేసేసింది! హాలు దద్దరిల్లిపోయింది. ఆ అరుపులకు తోక్తోసున్ ఆనందం పట్టలేక ఒక్క గంతేశాడు, ఆ గంతుకి వీపు తగిలి బల్ల ఎగిరింది.

కేకు పడిపోతే చప్పుడు మెత్తగా ఉంటుందనుకున్నాను. హంసల అంతస్తు చతికిలబడింది గానీ, మిగతా ఆరూ ఎగిరి గెంతాయి! కేకు ఎక్కడైనా గెంతుతుందా? ఒకటి కుర్చీల కిందికి దొర్లింది, ఒకటి మైకతని కాళ్ళకు తగిలింది. అన్నిటికన్నా పెద్దది తెల్లగుడ్డ వెంట దొర్లుకుంటూ పోయి సెజీమ్ ముందు ఆగింది. పిల్ల చతికిలబడి దాన్ని రెండు చేతులతో డబడబా వాయించింది. గులాబీ క్రీము పెచ్చుగా ఊడొచ్చింది. కింద, గట్టిపడిన నీలం క్రీము. దానికి అతుక్కుని ఒక చక్కెర గుర్రం కాలు.

నా బుర్ర అప్పుడు వెలిగింది. కనిషాయ్ వైపు చూశాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడి ఉంది. అబ్బ, నా కోసమే అల్లా పళ్ళెంలో పెట్టి ఇచ్చాడనుకున్నాను. "ఏమక్కా, బాలబడి పిల్లలకు అరగలేదా?" అన్న మాట నా నాలుక చివరికి వచ్చేసింది. ఏడాదిగా నా కడుపులో ఉన్న మంట చల్లారే వేళ అది. నేను నోరు తెరిచేలోగా ఆవిడ గబగబా వచ్చి, పావడా పరుచుకుని, ఆ థర్మకోల్ ముక్క మీదే కూలబడింది. అది కీచుమంది.

"ఏంటలా నోళ్ళు తెరుచుకుని చూస్తారు? పిల్ల నడిచింది! చప్పట్లు కొట్టండి!" అని గదమాయించింది.

ఒకరు పకపకా నవ్వారు. ఇక హాలంతా నవ్వే. వెనక నుంచి ఎవరో, "బాత్మా, మరి మా సంచులు?" అని అరిచారు. "బోర్సోకులు నింపుకుపొండి! కేకు కావాలంటే నేల మీదుంది, నాకండి!" అన్నాను. నాకూ నవ్వాగలేదు. పరువు ఎలాగూ పోయింది, పోయాక చూస్తే పెద్ద బరువు దిగినట్టుంది.

ఆ నవ్వుల మధ్య మీరీమ్ గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"నడిచిందా?"

జుట్టునిండా క్రీముతో నిలబడి ఉంది. ఒక చేతిలో హంస మెడ. "అత్తయ్యా, నడిచిందా? ఎప్పుడు?"

తోక్తోసున్ తప్పు చేసినవాడిలా దగ్గరికొచ్చి, "వీడియో ఉందమ్మా, ఇదిగో, అంతా పడింది" అని ఫోన్ చాపాడు.

"వీడియో అందరూ చూస్తారు మావయ్యా. నేను చూడాలనుకున్నాను" అంది. నేల మీద కూర్చుని ఏడ్చేసింది. కేకు కోసమో, పరువు కోసమో అయితే ఓదార్చేదాన్ని. ఆ ఒక్క అడుగు కోసం నేను పిల్లని ఎన్నాళ్ళు ఆపానో నాకు తెలుసు కదా.

కనిషాయ్ లేవలేదు. కూర్చున్నచోటి నుంచే, మా ఇద్దరికే వినపడేలా అంది. "ఊరుకోవే పిల్లా. నేనూ చూడలేదు. మా వాడు నడిచినప్పుడు నేను కేకు దగ్గరే ఉన్నా. ఎవరైనా వేలు పెడితే ఎలాగని కాపలా కాస్తున్నా. చప్పట్లు విని వెనక్కి తిరిగా. అప్పటికే అయిపోయింది."

నాలుక చివరనున్న మాటని మింగేశాను. తర్వాత నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆ కేకు మీద, సంచుల మీద, నా నోటి దూల మీద.

"లేవండి! అందరూ బయటికి నడవండి!" అని అరిచాను. "మళ్ళీ కడదాం తాడు."

"ఒకసారి తెంపిన తాడు మళ్ళీ కట్టకూడదు బాత్మా" అన్నాడు ఒక పెద్దాయన.

"ఆ తాడు తెగిందిగా బాబాయ్! ఇది వేరే తాడు" అని సంచిలోంచి మిగిలిన ఉన్ని తీశాను. "దీనికి పరిగెత్తేది పిల్లలు కాదు, నాయనమ్మలు. ఏం అక్కా, కాళ్ళున్నాయా, అవీ అద్దెవేనా?"

"నీకంటే గట్టి కాళ్ళేనే!" అంటూ కనిషాయ్ లేచింది. వెనకంతా గులాబీ క్రీము.

హాలు వెనక గడ్డి మీద సెజీమ్‌ని నిలబెట్టారు. కాస్త ఎదురుగా మీరీమ్‌ని కూర్చోబెట్టారు. ఆమె వెనక బల్ల లేదు, కేకు లేదు, కాపలా కాయాల్సింది ఏమీ లేదు. మైకతను ఈల వేశాడు. పావడాలు మోకాళ్ళ దాకా ఎత్తి మేం పరిగెత్తాం. ఊరు ఊరంతా ఈలలు. "బాత్మా!" అని సగం మంది, "కనిషాయ్!" అని సగం మంది. నేనే ముందున్నాను, ఒట్టు. చివర్లో ఆవిడ నా తలగుడ్డ పట్టుకుని లాగింది. దొంగ మొహంది! ముందు చేరి, మోకాళ్ళ మీద పడి, కత్తి అందుకుని తాడు తెంపేసింది.

సెజీమ్ నిలబడింది. మీరీమ్ చేతులు చాపింది. రెప్ప కూడా వెయ్యలేదు. పిల్ల ఒకడుగు వేసింది, ఇంకొకటి వేసింది, మధ్యలో ఆగి గడ్డిని చూసింది, మళ్ళీ నడిచింది. తల్లి మెడ మీద పడింది. మీరీమ్ ఏమందో ఎవరికీ వినపడలేదు, అంత గోల.

నేను ఆయాసంతో గడ్డి మీద కూలబడ్డాను. కనిషాయ్ నా పక్కనే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"ఈసారి చూశానే బాత్మా" అంది. "ఈసారి చూశాను."