ఎనభై డిగ్రీల ప్రాణం

యాసిడ్ అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. బాత్రూమ్ కడిగే సీసాను కూడా ఇంట్లోకి రానివ్వను. అలాంటిది నా కన్నకూతురే యాసిడ్ సీసా తెచ్చి నా గ్యాస్ పొయ్యి మీద పెట్టింది. ఎవరికి చెప్పుకోను?

సంయుక్త నారాయణగూడలో ఒక కాలేజీ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తోంది. పొద్దున కరెంటు పోయింది. ల్యాబులో జనరేటర్ కూడా మొరాయించి, వేడిగా ఉండాల్సిన సీసాలన్నీ చల్లారిపోయాయట. కాస్త ప్రాణమున్న ఒక్క సీసాను పట్టుకుని అశోక్‌నగర్‌లోని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. గిన్నెలో నీళ్ళు కాచి, అందులో సీసా నిలబెట్టి, పక్కన థర్మామీటర్ వేలాడదీసి, మంట సన్నగా తగ్గించింది.

"ఏందే ఇది?" అన్నాను.

"ఆర్కియా అమ్మా. కంటికి కనబడని జీవాలు. బ్యాక్టీరియా లెక్కనే ఉంటయి గని జాతి వేరు. గంధకం వాసనొచ్చే వేడినీళ్ళ బుగ్గలల్ల బతుకుతయి. ఎనభై డిగ్రీల వేడి, నిమ్మరసమంత పుల్లటి యాసిడ్ నీళ్ళు, గదే వీటికి సుఖం."

"యాసిడ్ల కరిగిపోవా మరి?"

"లోపలికి రానిస్తే కద! వచ్చిన యాసిడ్‌ను వచ్చినట్టే బయటికి తోస్తుంటయి. వేడి ఉన్నంతసేపే ఆ బలం. సల్లబడితే తోయలేవు, ఆ యాసిడే లోపలికొచ్చి సంపుతది. పొద్దున ఒకసారి సల్లబడి సగం సచ్చినయి. ఇంకోసారి సల్లబడితే లేవవు." వంగి మంట మరోసారి సరిచూసింది. "నేను ఏరి ఏరి పెంచిన రకమమ్మా, ఇంకెక్కడ లేదు. నా నాలుగేండ్ల పని మొత్తం ఈ సీసలనే ఉన్నది. వేరే ల్యాబుల జాగ మాట్లాడి వస్త. మంట ఆర్పకు, జర చూస్తుండు."

అది వెళ్ళిపోయింది. నేను పొయ్యికి దూరంగా స్టూలు వేసుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. సీసాలో నీళ్ళు మసకగా ఉన్నాయి. పగిలితే? పొంగి కళ్ళలో చిందితే? మళ్ళీ అంతలోనే పాపమనిపించింది. అంత చిన్న ప్రాణాలు క్షణం కునుకు లేకుండా గుమ్మంలో నిలబడి యాసిడ్‌ను గెంటుతున్నాయా అని.

అప్పుడు మంట రెపరెపలాడి ఆరిపోయింది. సిలిండర్ అయిపోయింది. బుక్ చేసిన సిలిండర్ తేకుండా గ్యాసువాడు తిప్పుతున్నాడు, వాడి చేతులు పడిపోను! కరెంటు కుక్కర్ పెడదామంటే మా వీధిలోనూ కరెంటు లేదు. చూస్తుండగానే థర్మామీటర్ దిగడం మొదలైంది.

పైవాటాలో ఉండే రాజ్యలక్ష్మి గారి తలుపు బాదాను. సంగతి చెప్పీచెప్పకముందే ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "యాసిడ్డా! అమ్మో! ఏమీ అనుకోకండి కమల గారూ, పసిబిడ్డలున్న ఇల్లు," అంటూ తలుపు వేసేసింది. ఏమనను? నేనైనా అంతే చేసేదాన్ని.

చిక్కడపల్లి రోడ్డు మీద ఎల్లేష్ టిఫిన్ సెంటర్లో పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. వేడినీళ్ళ గిన్నె మోసుకుని ఆ జనంలో నడవడం నా వల్ల కాదు. సీసాను నీళ్ళలోంచి తీసి, తువ్వాలలో చుట్టి, కొంగు కింద కడుపుకు గట్టిగా హత్తుకున్నాను. చర్మం చుర్రుమంది. ఓర్చుకున్నాను. చలిజ్వరమొస్తే సంయుక్తను ఇట్లాగే కదా కాపాడుకున్నది.

గల్లీ మొదట్లో కోచింగ్ సెంటర్ వదిలారు. వందల మంది పిల్లలు. కాలు పెట్టే సందు లేదు. బతిమాలాను, ఒక్కడూ కదల్లేదు. సీసా చల్లారుతోందన్న భయంలో నోటికొచ్చింది అరిచేశాను.

"జరుగుండ్రి! నా దగ్గర యాసిడ్ ఉన్నది!"

గుంపు రెండుగా చీలింది. నా ఎదురుగా ఉన్న ఒక అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని అక్కడే కూలబడిపోయింది. ఒక్క అరుపు కూడా రాలేదు ఆ పిల్ల గొంతులోంచి.

"నీ మీద కాదు బిడ్డా, నిన్నేం చెయ్య," అంటూ వంగబోయాను. ఎవరో నా రెక్క పట్టి వెనక్కి గుంజారు.

"ఏయ్! ఎవరి మీద పోయనీకి తీస్కపోతున్నవ్?"

"పోయనీకి కాదన్నా! నా బిడ్డ సదువు ఇది. పొయ్యి కాడికి పోనీయుండ్రి!"

"సదువుకు యాసిడ్ ఏంది? కొంగు తియ్యి! పోలీసులకు ఫోన్ కొట్టుండ్రి రా!"

చుట్టూ ఫోన్లు లేచాయి. ఎవరో కొంగు లాగారు, ఎవరో జుట్టు పట్టారు. కొడతారు, ఈ రోడ్డు మీదే చంపేస్తారనుకున్నాను. ఆ తోపులాటలో సీసా పగిలితే ఆ అమ్మాయి మీద పడుతుందేమోనన్నది అంతకు మించిన భయం. నేలమీద ముడుచుకుని కూర్చుని, సీసా మీదికి వంగి, ఒళ్ళంతా దానికి కప్పేశాను. ఎంతసేపో తెలియదు. దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు.

"మా అమ్మ! వదులుండ్రి, మా అమ్మ!" ఇంటికి తిరిగొస్తున్న సంయుక్త గొంతు వినబడింది. అది కాలేజీ కార్డు చూపిస్తూ, ఏడుస్తూ, అందరికీ ఏదో చెబుతూ నా దగ్గరికి చేరింది. రెక్క పట్టినవాడు వదిలాడు. ఆ అమ్మాయిని ఎవరో నడిపించుకుపోయారు. సంయుక్త నా కొంగులోకి చేయి పెట్టి సీసాను తాకింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సల్లబడనియ్యలే బిడ్డా," అన్నాను. "కడుపుకు హత్తుకునే ఉన్న. చూడు, ఇంకా వెచ్చగనే ఉన్నది."

అది నా చెదిరిన జుట్టు సర్దింది. ఏమంటుందోనని నాకు గుంపు కన్నా ఎక్కువ భయమేసింది.

"అది నీ ఒంటి వేడి అమ్మా," అంది మెల్లగా. "వీటికి గది మంచుగడ్డ. నువ్వు హత్తుకున్నకొద్దీ వీటి వేడిని నీ ఒళ్ళే గుంజుకున్నది."

"అయితే యాసిడ్..."

"లోపలికొచ్చి ఉంటది. ఇంక లేవవమ్మా. ఇటియ్యి."

ఇవ్వలేకపోయాను. నా చేతులకు అది ఇంకా వెచ్చగానే తగులుతోంది.