యూజర్లకు మనవి

మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళను బయటికి తీయడం తన ఉద్యోగం. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి ఒక పెట్టెలో ఇరికించడం తన సరదా.

ఈ సరదా పట్టుకోవడానికి కారణం మా వదిన. ఆవిడ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఒకరోజు తను వేసిన బొమ్మ తను తెరవబోతే, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు మా కొత్త షరతులకు ఒప్పుకుంటేనే తెరుస్తాం అన్నారు. వదిన ఒక్క ముక్క చదవకుండా ఓకే నొక్కేసి పనిలో పడింది. పక్కనే ఉన్న అన్నయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "మన బొమ్మ మనం చూసుకోవడానికి వాళ్ళ పర్మిషనేంటి?" అని రోజంతా సణుగుతూనే ఉన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. నేనూ తలూపాను. అక్కడే ఎవరైనా ఆపి ఉండాల్సింది.

మర్నాటికల్లా పాత కంప్యూటర్ ఒకటి వచ్చి మా చెప్పుల అల్మరా పై అరలో కూర్చుంది. ఇక ఇంట్లో ఉన్నవన్నీ అందులోకి మార్చడం మొదలు. ఫొటోలకు ఒక యాప్, క్యాలెండర్‌కు ఒకటి, కొనాల్సిన సామాన్లకు ఒకటి, పాస్‌వర్డులకు ఒకటి. కంపెనీల చేతిలో లేనిది, ఉచితంగా తెచ్చుకోగలిగేది, లోపల ఏముందో విప్పి చూసుకోగలిగేది ఎక్కడుందా అని వెతకడమే పని. దొరికిన రోజు ఆ మొహం చూడాలి, మంచి సంబంధం కుదిరినంత వెలుగు. ఆ అల్మరాకు వదిన "మా ఆయన రెండో కాపురం" అని పేరు పెట్టింది.

అంతటితో పోతే బాగుండేది. మా ఫోన్లకు మనవులు రావడం మొదలైంది. "యూజర్లకు మనవి. శనివారం నిర్వహణ పనుల కారణంగా ఫొటోలు కనబడవు. అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఆ యూజర్లం ఎవరయ్యా అంటే వదిన, పై వాటాలో ఉండే నేను, పక్క వీధిలో ఉండే మా మేనత్త. ఎదురుగా కూర్చుని భోంచేస్తున్న వదినకు కూడా మనవి ఫోన్లోనే వచ్చేది. నేను ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తాను. అసౌకర్యానికి చింతిస్తున్నాం అని రోజంతా నేనే నలుగురికీ చెప్పి ఇంటికొస్తే, ఇక్కడా అదే.

అత్త రిటైరైన డ్రిల్ టీచర్. ఆవిడ చింత గింత అనలేదు. ఫోన్‌ను విమానం గుర్తు మీద పెట్టి, మనవులూ కాల్సూ అన్నీ బంద్ చేసి, హాయిగా పేకాట ఆడుకోవడం మొదలుపెట్టింది. ఆవిడతో మాట్లాడాలంటే వెళ్ళి తలుపు కొట్టాల్సిందే.

వదిన మాత్రం చాలాకాలం బొమ్మల జోలికి రానివ్వలేదు. అన్నయ్య బతిమాలగా బతిమాలగా చివరికి ఒప్పుకుంది. ఇల్లెక్కడో మర్చిపోయిన నత్త కథకు ఏడాది పైన కష్టపడి వేసిన బొమ్మలవి. అప్పగిస్తూ "జాగ్రత్తండీ" అని ఒక్కమాటే అంది. ట్యాబ్లెట్ నిండిపోయిందంటే అందులోని నత్త బొమ్మలూ, కంపెనీ దగ్గరున్నవీ తీసేయమన్నదీ అన్నయ్యే. మూడుచోట్ల కాపీలున్నాయి, నీకెందుకు భయం అన్నాడు.

బొమ్మలు ఎడిటర్‌కు పంపాల్సిన రోజు వచ్చింది. ఇప్పటికే గడువు పొడిగించారు. ఈ సాయంత్రం దాటితే పుస్తకం వేరే ఆర్టిస్టుకు వెళ్ళిపోతుంది. ఆ ఉదయమే అన్నయ్యకు భద్రత గుర్తుకొచ్చింది. పాస్‌వర్డుల యాప్‌లోంచి అందరి ఫోన్లనూ, తన ఫోన్‌తో సహా, బయటికి తోసేసి "యూజర్లు మళ్ళీ లాగిన్ కావలెను" అని మనవి పంపాడు. మేము ఇంకా కాలేదు. ఈలోపే వైరింగ్ పనికి వచ్చినవాళ్ళు కరెంటు మెయిన్ ఆపేశారు.

కరెంటు వచ్చాక అల్మరాలోని పెట్టె లేచింది. లేచి, డిస్కు తెరవడానికి పాస్‌వర్డు అడిగింది.

"ఎంతసేపు, పాస్‌వర్డుల యాప్‌లో ఉంది" అని అన్నయ్య ఫోన్ తీశాడు. సర్వర్ అందుబాటులో లేదని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. ఫోన్ దించి అల్మరా వైపు చూశాడు.

"ఏమైందండీ?" అంది వదిన.

"ఆ యాప్ నడిచేది కూడా... ఈ పెట్టెలోనే."

"మరి మూడు కాపీలు?"

"ఉన్నాయి. మూడింటికీ అదే పాస్‌వర్డు."

ఆ పాస్‌వర్డును ఒకప్పుడు కాగితం మీద రాసి అల్మరా తలుపు లోపల అంటించింది వదినే. ఇలా రాస్తే దొంగచేతికి తాళం ఇచ్చినట్టేనని క్లాసు పీకి, చింపి పారేసింది అన్నయ్య.

"మీ లిఫ్టు గది తాళంచెవి ఎక్కడ పెడతారండీ?"

"కింద, వాచ్‌మన్ దగ్గర" అన్నాడు అలవాటుగా.

"లిఫ్టు గదిలోనే పెట్టి తాళం వెయ్యరూ?"

ఆవిడ గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. మా అన్నయ్యను ఏడిపించడంలో నాకున్న సరదా అంతా ఇంతా కాదు కానీ, ఆ క్షణంలో వాళ్ళిద్దర్నీ చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు తట్టింది నాకు. "అన్నయ్యా, అందర్నీ తోసేశావు సరే. నెట్టే లేని ఫోన్‌ను ఎలా తోస్తావు?"

ముగ్గురం చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పక్క వీధికి పరిగెత్తాం. అత్త తలుపు తీసింది. చేతిలో ఫోన్, అందులో పేకాట.

"అత్తా, నెట్ ఆన్ చెయ్యకు! చచ్చినా చెయ్యకు!" అన్నాడు అన్నయ్య, రొప్పుతూ.

"నీ పుణ్యమా అని ఎప్పుడో కట్టేశాను. ఇన్నాళ్ళూ ఆన్ చెయ్యమని నా ప్రాణం తీసింది నువ్వు కాదట్రా?"

విషయం చెప్పాం. అత్త ఆట పూర్తిచేసి మరీ యాప్ మీద వేలు పెట్టింది. తెరుచుకుంది. కుటుంబం అనే అరలో, నెట్ ఉన్న రోజుల్లో ఫోన్ తెచ్చిపెట్టుకున్నది ఉన్నట్టే, పాస్‌వర్డు ఉంది. అన్నయ్య చెయ్యి చాపాడు. అత్త ఫోన్ ఇవ్వలేదు.

"నేను చదువుతాను, నువ్వు రాసుకో. కాగితం మీద."

డ్రిల్ టీచర్ గొంతు రిటైరవ్వలేదు. "పెద్ద కే! చిన్న కే! తొమ్మిది! ఆశ్చర్యార్థకం!" అని కిటికీ పక్కన నిలబడి చదువుతుంటే ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూశారు. లోకమంతటి నుంచీ దాచిన పాస్‌వర్డు వీధి వీధంతా విన్నది. అన్నయ్య తల వంచుకుని రాసుకున్నాడు.

వెలుతురుండగానే నత్త బొమ్మలన్నీ ఎడిటర్‌కు చేరాయి. చేరాయని జవాబు వచ్చాక వదిన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అన్నయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నీ బొమ్మలు మళ్ళీ ఆ కంపెనీకే పంపించెయ్యనా?" అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

వదిన కళ్ళు తెరిచింది. ఫోన్లో ఏదో టైపు చేసింది. అన్నయ్య ఫోన్ మోగింది. నేనూ తొంగి చూశాను.

"సర్వర్ గారికి మనవి. బొమ్మలు మీ పెట్టెలోనే ఉంచుతాను. నా షరతులు ఇవి. తాళంచెవి అత్తయ్యగారింట్లో కాగితం మీద ఉంటుంది. ఏదైనా తీసేసేముందు, మార్చేముందు వచ్చి అడగాలి. చెప్పాల్సింది ఏదైనా ఉంటే నా దగ్గరికొచ్చి నోటితో చెప్పాలి. నేను యూజర్‌ని కాను. అంగీకరిస్తే ఓకే అనండి."

మా అన్నయ్య జన్మలో ఏ షరతులూ పూర్తిగా చదివింది లేదు. ఇది రెండుసార్లు చదివాడు. జవాబు టైపు చెయ్యబోయి ఆగి, ఫోన్ జేబులో పెట్టుకుని, వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఓకే" అన్నాడు, నోటితో.