దానిమ్మ తొక్కలకు నీడ కావాలి

చిక్కడపల్లిలో చిక్కనిది లేదంటారు గానీ, 2012 మే నెలలో నీడ మాత్రం చిక్కలేదు. అంత ఎండ వృథా పోతుంటే ప్రభావతికి ప్రాణం ఊరుకోదు. వడియాలైనా, మిరపకాయలైనా, తడి తగిలినదేదైనా ఆమె కంటబడితే మిద్దె ఎక్కాల్సిందే. ఫార్మసీలో పరిశోధన చేసే కూతురు రచన ఫ్యాను కింద పరిచి వెళ్లిన దానిమ్మ తొక్కల్ని కూడా, బూజు పడతాయని మిద్దె మీద ఎండేసింది. అలా కూతురి దానిమ్మను దాని అమ్మే ముంచింది!

సాయంత్రం వచ్చిన రచన తల పట్టుకుంది.

"అమ్మా! ఎండల ఉండే కిరణాలతోటి తోలుకు క్యాన్సర్ వస్తది. ఈ తొక్కల సారం దాన్ని ఆపుతదేమోనని ఎలుకల మీద చూస్తున్న. నీడల ఆరాలె ఇవి. ఎండల పెడితే గుణం పోతది."

"ఎండను ఆపేదానికి ఎండంటే భయమా? ఇదేం పహిల్వానే!"

"నవ్వకు. వచ్చే సోమవారానికి సారం తయారు కాకుంటే ల్యాబుల ఆ కిరణాలిచ్చే దీపం వేరేవాళ్లకిస్తరు. మళ్ల నా వంతు వచ్చే ఏడే."

ప్రభావతి నవ్వు ఆగిపోయింది. "ఎన్ని కావాలె?"

"సంచెడు."

"నేను చెడగొట్టిన, నేనే తెస్త."

మర్నాడు నారాయణగూడ జ్యూస్ బండ్లన్నీ తిరిగింది. అన్నిచోట్లా బత్తాయి తొక్కలే. చివరికి అశోక్ నగర్‌లో ఆశన్న బండి దగ్గర ఆగింది.

"దానిమ్మ ఎవరు తాగుతరక్కా? ఈ పోరగాళ్లు చాయ్ మీదనే బతుకుతరు," అన్నాడు ఆశన్న.

"తాగిస్త. స్టూలెయ్యి."

శోకం లేదని పేరు పెట్టుకున్న ఆ నగర్‌లో, కోచింగ్ పిల్లలవన్నీ శోకం మొహాలే. ప్రభావతి ఒకణ్ణి ఆపింది.

"బిడ్డా, గ్రూప్ టూనా? రక్తం లేని మొహంతోటి ఇంటర్వ్యూకు పోతవా? దానిమ్మ తాగు!"

"మీరు ఆశన్న పార్ట్‌నరా ఆంటీ?"

"రసం నీకు, పైస ఆయనకు, తొక్క నాకు. మా బిడ్డ పరిశోధనకు."

"అట్లనా? ఆగండి, మా హాస్టల్ మొత్తాన్ని తీసుకొస్త!"

భోజనాల వేళకు సంచి నిండింది. తన నెత్తిన ఎండ, సంచి మీద గొడుగు పెట్టుకుని ప్రభావతి ఇల్లు చేరింది. తొక్కలు కడిగి, ఫ్యాను కింద పరిచిందో లేదో, కరెంటు పోయింది. చాట అందుకుని విసరడం మొదలుపెట్టింది.

"జర కూసో అమ్మా," అంది భోజనానికి వచ్చిన రచన. "పనిచేస్తదో లేదో ఇంకా తెల్వనే తెల్వది."

"అది నువ్వు చూసుకో. ఆరబెట్టుడు నా పని. ముందు ఆ పరదా గుంజు, ఎండొస్తున్నది."